మాల్టాలో ఎనిమిది రోజులు, నాన్నమ్మతో సహా

మాల్టాలో దిగిన మొదటి సాయంత్రం ఫొటో ఒకటి ఉంది మా దగ్గర. మా ఆయన రైస్ కుక్కర్ వైరు చేత్తో పట్టుకుని గోడ ముందు దిగాలుగా నిలబడి ఉంటాడు. మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. యూరప్‌లోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదా, అడాప్టర్ ఎందుకులే అనుకున్నాం. మాల్టా 1964 దాకా బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. గోడలో ప్లగ్గులు ఇప్పటికీ వాళ్లవే, మూడు పలకల పిన్నులవి. జర్మనీ ప్లగ్గు పట్టదు, ఇండియా ప్లగ్గూ పట్టదు. వీధి చివర కొట్లో అడాప్టర్ కొనుక్కొచ్చి అన్నం వండేసరికి తొమ్మిదైంది. మీరు మాత్రం రెండు అడాప్టర్లు పెట్టెలో వేసుకునే బయల్దేరండి.

వెళ్లింది ఐదుగురం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మూడు నెలలకి విజయవాడ నుంచి వచ్చిన మా అత్తయ్య. అక్టోబర్ సెలవులకి మాల్టా ఎంచుకోవడానికి కారణాలు మూడు. విమానంలో రెండున్నర గంటలే ప్రయాణం. ఇంగ్లిష్ అక్కడ అధికార భాషల్లో ఒకటి కాబట్టి అత్తయ్య కూడా కొట్లో బేరమాడగలదు. సముద్రం ఆ నెలలో ఇంకా 23, 24 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. వీసా టెన్షన్ కూడా లేదు, అత్తయ్యకున్న షెంజెన్ వీసానే మాల్టాకీ చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి నేరుగా విమానం లేదు, మధ్యలో ఒకచోట మారాలి. వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45, ఆరేళ్ల లోపు వాళ్లకి ఉచితం. పైగా 30,000 యూరోలకి తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

మేం చేసిన పెద్ద పొరపాటు బస విషయంలో. మ్యాప్ చూస్తే మాల్టా దీవి పొడవు 27 కిలోమీటర్లు. మా గన్నవరం నుంచి విజయవాడ దాటి కాస్త ముందుకెళ్లినంత. ఎక్కడున్నా ఒకటే, అరగంటలో ఏ బీచ్‌కైనా పోవచ్చు అనిపిస్తుంది. అందుకే మొదటి మూడు రాత్రులు స్లీమాలో ఫ్లాట్ తీసుకున్నాం. సముద్రం ఎదురుగా అని రాశారు. సముద్రం ఎదురుగానే ఉంది, అబద్ధం కాదు. కానీ ఒడ్డంతా రాయి. ఇనుప నిచ్చెన పట్టుకుని లోతు నీళ్లలోకి దిగాలి. ఈత వచ్చిన పెద్దవాళ్లకి స్వర్గమేమో కానీ, బకెట్టు, పార పట్టుకుని తయారైన నాలుగేళ్ల పిల్లకి ఏం చెప్తాం? "ఇసుక ఏదమ్మా?" అని అది మూడు రోజులూ అడుగుతూనే ఉంది.

ఇసుక కోసం రెండో రోజు 222 నంబరు బస్సెక్కాం. స్లీమా నుంచి మెల్లీహా దాకా ట్రాఫిక్‌లో గంట పైనే పట్టింది. కొన్ని స్టాపుల్లో నిండిపోయిన బస్సు ఆపకుండా పోతుంది. ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ సంగతి వివరాల్లో ఎక్కడా లేదు. అత్తయ్య మోకాళ్లు పట్టుకుని రోజుకి రెండుసార్లు ఎక్కింది. పక్కనే కొత్త బిల్డింగ్ కడుతున్నారు, ఏడింటికల్లా డ్రిల్లింగ్ మొదలు. ఓనర్‌కి మెసేజ్ పెడితే "మాల్టా అంతా అంతే మేడమ్" అన్నాడు. తర్వాత ఊళ్లన్నీ తిరిగాక ఆ మాట కొంత నిజమేనేమో అనిపించింది. ఎటు చూసినా క్రేన్లే.

స్లీమాలో మాకు నచ్చింది ఒక్కటే, అక్కడి నుంచి రాజధాని వలెట్టాకి ఫెర్రీ. పది నిమిషాల్లో తేనె రంగు కోటగోడల కింద దింపేస్తుంది. వలెట్టాలో వీధులు కొన్ని మెట్లే, స్ట్రోలర్ మోసుకు తిరగడమే అయింది. అప్పర్ బరాకా గార్డెన్స్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. బాబు ఎగిరి గంతేశాడు, పాప ఏడుపు లంకించుకుంది. చిన్నపిల్లలుంటే ముందే చెవులు మూయండి.

నాలుగో రోజు మెల్లీహాకి మారాక సెలవులు మొదలయ్యాయని చెప్పాలి. అదీరా బీచ్ మాల్టాలోకెల్లా పెద్ద ఇసుక బీచ్. చాలా దూరం నడిచినా పాపకి నీళ్లు నడుము దాటలేదు. అత్తయ్య చీర కుచ్చిళ్లు దోపుకుని దిగి, చేతిలో చెప్పులు పట్టుకుని, "మన సూర్యలంకలో ఇలా ఉంటే ఎంత బాగుండేదే అమ్మాయ్, అలలే లేవు" అంది. నిజంగానే చెరువులా ఉంది. బీచ్ పక్కనే బస్సుల రోడ్డు, అది మాత్రం జాగ్రత్త, బంతి అటు దొర్లితే పిల్లలు వెనకే పరిగెత్తుతారు. గోల్డెన్ బే చూడ్డానికి ఇంతకంటే అందం, కానీ మేం వెళ్లిన రోజు ఎర్ర జెండా ఎగురుతోంది. పిల్లలతో అయితే నా ఓటు అదీరాకే.

ఇక్కడ ఫ్యామిలీ హోటల్లో గది తీసుకున్నాం. ఖర్చు స్లీమా ఫ్లాట్ కంటే మూడో వంతు ఎక్కువ. లిఫ్టుంది, చిన్న కొలనుంది, అన్నిటికీ మించి మధ్యాహ్నం పాప నిద్రపోతే ఒకరం గదిలో ఉండి మిగతావాళ్లు బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు. ఆ ఒక్క సుఖానికే ఆ డబ్బు పెట్టొచ్చు.

పొపాయ్ విలేజ్ దగ్గర్లోనే. 1980లో వచ్చిన సినిమా కోసం కొండ అంచున కట్టిన రంగురంగుల చెక్క ఇళ్ల సెట్. పాలకూర తిని కండలు పెంచే కార్టూన్ గురించి మా ఆయన మహా ఉత్సాహంగా చెప్పాడు కానీ పిల్లలకి ఆ పేరే తెలియదు. పాప సాయంత్రం దాకా కదల్లేదు, బాబుకి గంటలో బోర్ కొట్టింది. టికెట్ ధరకి తగ్గట్టు ఆరేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకే సరిపోతుంది. బాబుకి నచ్చింది కల్‌కారాలోని ఎస్‌ప్లోరా సైన్స్ సెంటర్. ఉరుములతో వాన పడ్డ రోజు అక్కడే గడిపాం, గుంజుకుని తీసుకురావాల్సి వచ్చింది. హైపోజియం అని, చరిత్రపూర్వ కాలంలో నేల కింద తొలిచిన సమాధుల స్థలం, అది చూడాలని నాకు చాలా ఉండింది. గంటకి పదిమందినే పంపుతారు, టికెట్లు వారాల ముందే అయిపోతాయి, ఆరేళ్ల లోపు పిల్లలకి ప్రవేశమే లేదు. కొమీనో అనే చిన్న దీవి దగ్గరి బ్లూ లగూన్ మానేశాం. ఎండకి నీడ లేదు, జనం విపరీతం, ఇప్పుడు ముందుగా ఆన్‌లైన్‌లో స్లాట్ కూడా తీసుకోవాలి.

పక్క దీవి గోజోకి మాత్రం ఒక రోజు పెట్టండి. చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీ 25 నిమిషాలు, వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే డబ్బు తీసుకుంటారు. అక్కడి జిగాంటియా గుళ్లు క్రీ.పూ. 3600 ప్రాంతానివి, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి. ఒక రాక్షసి బిడ్డని భుజాన వేసుకుని, చిక్కుళ్లూ తేనే తింటూ ఆ బండలన్నీ మోసి కట్టిందని ఊళ్లో కథ. నేను అత్తయ్యకి తెలుగులో చెప్పాను. ఆవిడ రాళ్లవంక ఒకసారి చూసి, "పిల్లని చంకనేసుకుని ఇంత కట్టిందా! మరి మొగుడేం చేస్తున్నాడట?" అంది. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. గోజో ఫొటోల్లో కనిపించే అజూర్ విండో అనే పెద్ద రాతి తోరణం కోసం మాత్రం వెళ్లకండి, 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది. అక్కడే ఇన్‌లాండ్ సీ అనే ఉప్పునీటి మడుగు నుంచి చిన్న పడవలో కొండ సొరంగం గుండా సముద్రంలోకి తీసుకెళ్తారు, పిల్లలకి అదే ఎక్కువ నచ్చింది.

తిండికి ఇబ్బంది పడలేదు. కుళాయి నీళ్లు ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేవి, తాగొచ్చు కానీ కాఫీ ఉప్పగా వస్తుంది, సీసా నీళ్లు కొనుక్కున్నాం. ఇక పస్తీత్సీ. పొరలు పొరలుగా, మన బేకరీ కర్రీ పఫ్‌కి చుట్టంలా ఉంటుంది, లోపల రికోటా చీజ్ గానీ బఠానీ ముద్ద గానీ. యూరో లోపే. అత్తయ్య మొదటి రోజే బఠానీవి రెండు లాగించింది. ఆ పిండిలో కొన్నిచోట్ల పంది కొవ్వు వాడతారని నేను రాత్రి చదివాను. ఆవిడ శాకాహారి. ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

తిరుగు రోజు ఎయిర్‌పోర్ట్ బస్సు డ్రైవర్ అత్తయ్య చీర చూసి "నమస్తే అమ్మా" అన్నాడు. కేరళ అబ్బాయి. అక్కడ బస్సులు నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కే ముందు స్టాపు పక్క కొట్లో ఆరు బఠానీ పస్తీత్సీలు కట్టించమంది అత్తయ్య. ఈసారి ముందు కౌంటర్ దగ్గర మెల్లగా అడిగాను. మార్జరిన్ అన్నాడు. డజను తీసుకున్నాను.