చంద్రగిరి దారిలో చెట్ల నర్సరీ, ఐదేళ్ళ తర్వాత రాస్తున్న రివ్యూ

మొక్క కొన్న మర్నాడే రివ్యూ రాస్తే ఏం తెలుస్తుంది అనేసి ఇన్నాళ్ళు ఆగినాను. ఇప్పుడు మా ఇంటి ముందర కానుగ చెట్టు కింద స్కూటీ పెట్టుకుంటా ఉన్నాం, మే నెల మధ్యాహ్నం రెండింటికి సీటు మీద చెయ్యి పెట్టినా చుర్రుమనడం లేదు, అందుకే రాస్తున్నా.

మాది తిరుపతిలో పడమటి ముఖం ఇల్లు. ఎండాకాలం 42, 43 డిగ్రీలు ఈ ఊరికి కొత్త కాదు, సాయంత్రం నాలుగుకి హాల్లో గోడ ముట్టుకుంటే పెనం మాదిరి ఉండేది. చెట్టు పెట్టాల్సిందే అని మొదట వేరే చోట ఎత్తుగా, ఆకు నిగనిగలాడతా ఉన్న వేప మొక్కలు రెండు, ఒక్కోటి 250 పెట్టి తెచ్చినా. వేసవంతా బకెట్లతో నీళ్ళు మోసినా. ఒకటి ఎండిపోయింది, ఇంకోటి బెత్తెడు కూడా పెరగలా. పీకి చూస్తే వేర్లన్నీ కవర్ ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకోని ఉన్నాయి, చుట్టూ మంచి మట్టి ఉన్నా ఒక్క వేరు కూడా అందులోకి పోలేదు. చిన్న కవర్లో చాలాకాలం వదిలేసిన మొక్కకి అట్లే అవుతుందని అప్పుడు తెలీదు నాకు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

ఆ తర్వాత దొరికింది ఈ నర్సరీ. సరైన బోర్డు కూడా లేదు, పెద్దాయన ఒక్కడే చూసుకుంటాడు. తొందరగా పెరిగేది కావాలి, కోనోకార్పస్ ఇవ్వండి అన్నాను. "అది వద్దు మా, దాని వేర్లు నీళ్ళ పైపుల్లోకి దూరతాయి. కానుగ తీసకపో, కొన్నేండ్లు ఓర్చుకో, నీ మనవళ్ళు కూడా దాని కిందే ఆడతారు" అన్నాడు. మోకాలంత మొక్క. నేను నమ్మలేనట్టు చూస్తే బ్లేడుతో కవర్ చీల్చి చూపించినాడు, తెల్లటి వేరు కొనలు తిన్నగా కిందికి దిగతా ఉన్నాయి. 60 రూపాయలు తీసుకున్నాడు, ఇంకో కవర్లోకి మార్చి ఇచ్చినాడు.

ఆయన దగ్గర నాకు బాగా నచ్చింది ఏమంటే కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కలు ఒకపక్క, ఇక్కడి గింజతో తానే పెంచినవి ఒకపక్క పెట్టి, ఏది ఏదో అడక్కముందే చెప్పేస్తాడు. కడియం మొక్క చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ అది గోదావరి నేలలో, ఆ తేమలో పెరిగింది, మన ఎర్రమట్టికీ ఈ ఎండకీ అలవాటు పడేదానికి టైం పడుతుంది. వేప గింజ ఎక్కువ రోజులు దాస్తే మొలవదంట, అందుకే పండు రాలిన వెంటనే ఏరి నాటేస్తాడు.

ఇంక కానుగ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చలికాలం పోతా ఉండగా ఆకు రాలుస్తుంది, అప్పుడు వాకిలి ఊడవలేక సస్తాం నిజమే, కానీ కొన్ని వారాల్లోనే లేతాకు తొడుగుతుంది, ఆ పచ్చదనం మీద ఎండ పడితే నూనె రాసినట్టు మెరుస్తుంది. అసలైన ఎండలు వచ్చేసరికి గొడుగు రెడీ. ఈ ఏడాది మొదటిసారి పూసింది, తెలుపూ లేత ఊదా కలిసిన చిన్న పూలు, పొద్దున తలుపు తీస్తే వాకిట్లో ఎవరో బొరుగులు ఒలకబోసినట్టు ఉన్నాయి, పైన తేనెటీగల రొద. రాలిన ఆకు మా అమ్మ కరివేపాకు పాదుకి వేస్తుంది, వాళ్ళ నాయన మడిలో కానుగాకు తొక్కి నాట్లు వేసేవాడంట. పప్పుజాతి చెట్టు కదా, వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి ఇస్తుంది.

పక్కింటోళ్ళు రేకుల షెడ్డు వేసుకున్నారు, దాని కింద నిలబడితే రేకు వేడి నెత్తిమీదికి దిగుతుంది. చెట్టు కింద అట్లా ఉండదు, ఆకులు నీటిని ఆవిరిగా వదిలేటప్పుడు ఆ వేడి కూడా పోతుంది. మా హాలు గోడ ఇప్పుడు గోరువెచ్చగా ఉంటుంది అంతే, ఏసీ రాత్రి పడుకునేటప్పుడు మాత్రం వేస్తున్నాం.

ఎర్రచందనం కూడా ఉంది ఆయన దగ్గర, మూడేసి గుండ్రటి ఆకులతో ముచ్చటగా ఉంటుంది. మన శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను అడవిగా పెరగని చెట్టు. అయితే సొంత స్థలంలో పెంచినా కొట్టాలంటే ఫారెస్టోళ్ళ పర్మిషన్ కావాలని, డబ్బుల ఆశతో అయితే కొనొద్దని ముందే చెప్పినాడు.

లోపాలూ ఉన్నాయి. ఫోన్‌పే లేదు, కారు ఆపేదానికి చోటు లేదు, మొక్కలకి పేర్ల చీటీలు ఉండవు, ఆయన భోజనానికి పోతే గంటసేపు కూర్చోవాల్సిందే. బేనీషా, తోతాపురి మామిడి అంట్లు కావాలంటే ఇక్కడ దొరకవు. నేను కొన్న రెండోది పొగడ, చాలా నిదానంగా పెరుగుతా ఉంది, ఇంకా పూయలేదు.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. పొద్దున్నే పోండి, గేటు పక్కన పెద్ద పొగడ చెట్టు ఉంది, కింద నక్షత్రాల మాదిరి పూలు రాలి ఉంటాయి. నెల కింద పోయినప్పుడు పెద్దాయన గుప్పెడు ఏరి చేతిలో పోసినాడు, పర్సులో వేసుకున్నా, ఎండి గోధుమ రంగుకి తిరిగినా వాసన ఇంకా పోలేదు. సంపంగి మొక్క వానలకి తయారవుతుందన్నాడు, వంద అడ్వాన్స్ ఇచ్చి వచ్చినాను.