కరపత్రానికి కరపత్రమా, సిస్టరమ్మ మాటా?

మీజిల్స్ రుబెల్లా టీకా వేయించమంటున్నందుకు మేం కంపెనీలకు అమ్ముడుపోయామట! మా విజయనగరం అమ్మల బృందం మీద ఒక సంఘం వాళ్లు కరపత్రాలు పంచుతున్నారు, గంటస్తంభం దగ్గర కూరలు కొంటుంటే నా చేతిలోనే ఒకటి పెట్టారు. మనమూ కరపత్రం వేసి మాటకు మాట చెప్పాలని మాలో సగంమంది, టీకాలు వేసే సిస్టరమ్మతో మాట్లాడిద్దామని మిగతావాళ్లు.

మొదటిది చేస్తే కడుపుమంట చల్లారుతుంది, అంతే. మనం ఒక కాగితం వేస్తే వాళ్లు నాలుగు వేస్తారు. అలాగని అసలు నోరు మెదపకపోతే నిజమే కాబోలు అనుకుంటారు, అదో టెన్షన్.

రెండోదానికి ఓపిక కావాలి. బుధవారం అంగన్‌వాడీలో సిస్టరమ్మ ఐస్ ప్యాకుల పెట్టె తెరిచి సీసా మీది గుర్తు చూపించింది. చుట్టూ ఉన్న వలయం కంటే లోపలి గడి తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు, టీకా పొడిని దాని ద్రావణంలో కలిపాక 4 గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారేయాల్సిందే. 9 నెలలు నిండాక ఒక డోసు, 16–24 నెలల మధ్య ఇంకోటి. కరపత్రం పట్టుకొచ్చిన ఒకావిడ అత్తగారు కళ్లజోడు పెట్టుకుని మరీ ఆ గడి చూసి, "జ్వరమొస్తే ఎలాగమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న కరపత్రాన్ని అడగలేం కదా.

నా ఓటు దీనికే. జవాబు రాసేదేదో ఒక్క పేజీలో రాసి వదిలేద్దాం.