సెయింట్ ఆండ్రూస్‌లో రెండేళ్లు: ఆదివారం నడక

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ అంటే కోట, కేథడ్రల్ శిథిలాలు, 1413 నాటి యూనివర్సిటీ గురించి ఎవరైనా చెబుతారు. నాకు చెప్పాలనున్నది ఓల్డ్ కోర్సు అనే అక్కడి గోల్ఫ్ మైదానం గురించి, అదీ ఆదివారాల గురించే. మా ఆయన పీహెచ్‌డీ కోసం ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాం. మా ఇద్దరిలో ఎవరికీ గోల్ఫ్ రాదు.

వెళ్లిన కొత్తలో ఆ పచ్చిక దగ్గరికి వెళ్లాలంటేనే జంకేదాన్ని. అక్కడ ఒక్కసారి ఆడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, లాటరీలో పేరిచ్చి ఎదురుచూస్తారు. ఒక ఆదివారం చూస్తే కుక్కలతో, పిల్లల బండ్లతో జనం దాని మధ్యలోంచే పోతున్నారు. ఒక పెద్దావిడను అడిగాను. పెద్ద పోటీలప్పుడు తప్ప ఆదివారం ఆట ఉండదు, ఎవరైనా నడవొచ్చు అంది. ఆ నేలను 1894లో పట్టణమే కొనుక్కుందట. ఆ రోజు నుంచి మాకు ఆదివారం అంటే అదే.

రెండో ఏడు జూన్‌లో నాన్న వచ్చారు. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. ఆ మైదానంలోని స్విల్కన్ అనే చిన్న రాతి వంతెన మీద అందరూ ఫొటోలు దిగుతుంటే, ఆయన ఒక బంకర్, అంటే ఆటలో అడ్డంకిగా ఉండే ఇసుక గుంట, అంచున గొంతుకూర్చుని గుప్పెడు ఇసుక తీసి వేళ్ల సందుల్లోంచి వదిలారు. "మన శనక్కాయ చేను నేలే కదమ్మా ఇది" అన్నారు. కాసేపాగి, "ఇంత పేరున్న నేలకు కంచె వెయ్యలేదా?" అని అడిగారు. ఊరిదే అని చెప్పాను. ఇంకేం మాట్లాడకుండా లేచి, ఈడెన్ నది వైపు చివరిదాకా నడిచారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి. నేను వెనకాలే వెళ్లాను.

ఊరంతా కాళ్లతోనే తిరగొచ్చని అందరికీ చెప్పేదాన్ని. ఊళ్లోకి వచ్చాక ఆ మాట నిజమే. కానీ అక్కడి రైల్వే స్టేషన్ 1969లోనే మూసేశారు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. నాన్న వచ్చిన రాత్రి రైలు లేటై ఆఖరి బస్సు పోయింది. ట్యాక్సీ దొరికేదాకా ఆ చలిగాలిలో రెండు సూట్‌కేసుల పక్కన ఆయన్ని నిలబెట్టాల్సి వచ్చింది. ఆ టెన్షన్ నాకింకా పోలేదు. డిసెంబరులో మూడున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి, నడక కూడా భోజనాల లోపే ముగించుకోవాలి. ఇక అద్దె, వచ్చే స్టైపెండ్‌లో సగానికి పైగా మింగేసేది.

మేమిద్దరమే, పిల్లల్లేరు, డిపార్ట్‌మెంట్ నడిచే దూరంలో ఉంది. అందుకే సరిపోయింది. పిల్లలతో వచ్చేవాళ్లకు ఉండమని గట్టిగా చెప్పలేను. చూడటానికి ఒక్కరోజే వచ్చేట్టయితే మాత్రం ఆదివారం రండి, ఆ వారం పోటీ ఏదైనా ఉందేమో ముందే కనుక్కోండి. రాత్రి రైలు మాత్రం వద్దు.