చిన్న అప్పు ముందా, పెద్ద వడ్డీ ముందా? ఇంటి బడ్జెట్‌తో అప్పులు తీర్చేటప్పుడు ఏది మేలు

మూడు నాలుగు అప్పులు ఒకేసారి నెత్తిమీద ఉన్నవాళ్లు ముందుగా అడిగేది, వీటిలో ఏది ముందు కట్టాలి అని. దానికి లెక్క వేసి మరీ జవాబు చెబుతాను, కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అప్పుల కోసం మీ ఇంట్లో నెలనెలా తీసే మొత్తం ముందే అనుకున్నదా, లేక ఖర్చులన్నీ అయ్యాక మిగిలిందా? నా దృష్టిలో అసలు తేడా అంతా ఇక్కడే వస్తుంది. వరుస మార్చడం వల్ల వచ్చే లాభం దీని ముందు చాలా చిన్నది.

క్రెడిట్ కార్డు మీద లక్ష బాకీ ఉందనుకుందాం, నెలకు 3 శాతం వడ్డీ. (ఏడాదికి 36 అని చాలామంది అనుకుంటారు, నెలనెలా వడ్డీ మీద వడ్డీ పడుతుంది కాబట్టి అది 42 శాతం దాటుతుంది.) బిల్లులో మినిమమ్ డ్యూ (ఆ నెల తప్పకుండా కట్టాల్సిన కనీస మొత్తం) అని బాకీలో 5 శాతం చూపిస్తారనుకోండి. మీరు కార్డు మళ్లీ గీకకుండా, ప్రతి నెలా ఆ మినిమమ్ తప్పకుండా కడుతూ వచ్చినా, బాకీ సగానికి రావడానికే 32 నెలలు పడుతుంది. సగానికే! ఎందుకంటే బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది, కట్టే దాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అదే మనిషి మొదటి నెల కట్టినట్టే ప్రతి నెలా 5 వేలు తగ్గించకుండా కడితే 31 నెలల్లో మొత్తం తీరిపోతుంది. ఎక్కడా ఎక్స్‌ట్రా సంపాదన లేదు, కొత్త త్యాగాలు లేవు, కట్టేది తగ్గకుండా చూసుకున్నారంతే.

అందుకే "మిగిలితే కడదాం" పద్ధతికీ, "ముందే తీసి పెడదాం" పద్ధతికీ మధ్య నేను రెండోదాని వైపే నిలబడతాను, ఇందులో నాకు అటూఇటూ లేదు. జీతం పడిన రోజో మర్నాడో అప్పుల డబ్బు వెళ్లిపోవాలి. ఆటో డెబిట్ పెట్టగలిగితే పెట్టేయండి. ఆ తర్వాత మిగిలిన డబ్బుకే ఇంటి బడ్జెట్ రాసుకోవాలి. మిగిలితే కట్టే ఇంట్లో ఏ నెలా ఏమీ మిగలదు, అది మనుషుల తప్పు కూడా కాదు, చేతిలో డబ్బు కనిపిస్తున్నంత సేపూ ఏదో ఒక అవసరం న్యాయంగానే కనిపిస్తుంది. ఆదాయం నెలకొకలా వచ్చేవాళ్లకి కచ్చితమైన అంకె కష్టం, నిజమే. అలాంటివాళ్లు గత ఏడాదిలో బాగా తక్కువ వచ్చిన నెలను చూసి, ఆ నెలలో కూడా కట్టగలిగేంత మొత్తాన్ని పెట్టుకుని, మంచి నెలల్లో పైన వచ్చినదాంట్లో సగమైనా అప్పుకి పంపడం మేలు.

ఇప్పుడు వరుస సంగతి. రెండు దారులున్నాయి. చిన్న బాకీని ముందు తీర్చేసి, దాని వాయిదాను తర్వాతి అప్పుకి కలుపుతూ పోవడం ఒకటి. వడ్డీ ఎక్కువున్న అప్పుని ముందు తీర్చడం ఇంకోటి. ఏ దారిలోనైనా మిగతా అన్ని అప్పులకీ కట్టాల్సిన కనీస మొత్తం ఆపకూడదు, అదనంగా ఉన్నది మాత్రం ఒక్కదానికే పోవాలి.

లెక్క వేద్దాం. కార్డు మీద 90 వేలు, నెలకు 3 శాతం. ఇంకో లోను 30 వేలు, నెలకు 1 శాతం. కనీస వాయిదాలు 4,500, 1,500. ఇంటి బడ్జెట్‌లో అప్పులకి మొత్తం 10 వేలు పెట్టారు, అంటే ప్రతి నెలా 4 వేలు అదనం. ఆ అదనం కార్డుకి పోతే 13వ నెలలో కార్డు బాకీ, 15వ నెలలో లోను తీరిపోతాయి. మొత్తం వడ్డీ దాదాపు 23 వేలు. అదే 4 వేలు ముందు చిన్న లోనుకి పెడితే అది 6వ నెలలోనే క్లోజ్ అవుతుంది, కార్డు 15వ నెలలో తీరుతుంది, వడ్డీ దాదాపు 28 వేలు. రెండు దారులూ 15వ నెలకే చేర్చాయి. తేడా ఏంటంటే, మొదటి దారిలో 5 వేల వడ్డీ మిగులుతుంది, రెండో దారిలో ఒక్క అప్పైనా పోయింది అని ఊపిరి పీల్చుకునే రోజు ఏడు నెలలు ముందే వస్తుంది.

ఈ ఊరట ఆ 5 వేల విలువ చేస్తుందా? ఇక్కడ కొంత పరిశోధన కూడా ఉంది. 2012లో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పుల సెటిల్‌మెంట్‌లో (అప్పులిచ్చినవాళ్లతో మాట్లాడుకుని తీర్చుకునే ఏర్పాటులో) ఉన్నవాళ్ల వివరాలు చూసి, ఎంత మొత్తం తీర్చారన్నదానికంటే, ఉన్న ఖాతాల్లో ఎన్ని మూసేశారన్నదాన్ని బట్టే వాళ్లు చివరిదాకా అప్పుల నుంచి బయటపడతారో లేదో ఎక్కువ తెలుస్తోందని గమనించారు. 2016లో వచ్చిన మరో అధ్యయనం కట్టే డబ్బుని అన్ని అప్పులకీ తలా కొంచెం పంచే కంటే ఒక్కదాని మీద పెట్టినవాళ్లకి పట్టుదల ఎక్కువ ఉంటుందని చూపించింది. అంటే లెక్కకి వడ్డీ దారి గెలుస్తుంది, మనసుకి చిన్న బాకీ దారి గెలుస్తుంది, తలా కొంచెం పంచే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఓడిపోతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఆ మూడోదే, ఎవరి ఫోన్ ముందు వస్తే వాళ్లకి కొంత పంపడం.

నేనైతే వడ్డీల మధ్య తేడా చూసి చెబుతాను. ఒకటి ఏడాదికి 36 శాతం, మిగతావి 12, 14 ఉంటే ఇక ఆలోచించొద్దు, 36నే ముందు పట్టుకోండి. అన్నీ 12 నుంచి 16 మధ్యలో ఉంటే మాత్రం చిన్నదాన్ని ముందు ముగించడమే మేలు, వడ్డీలో పోయేది పెద్దగా ఏమీ ఉండదు, ఇంట్లోవాళ్లకి నమ్మకం వస్తుంది. పెద్ద వడ్డీ అప్పు ఉన్నా సరే, ఒకట్రెండు నెలల్లో పూర్తయ్యే చిన్న బాకీ ఏదైనా ఉంటే దాన్ని తీసేయండి, దాని వాయిదా కూడా మీ చేతికి వస్తుంది కదా. ఇల్లో బండో బంగారమో తాకట్టు ఉన్న అప్పుల విషయంలో వరుస ఎలా ఉన్నా వాయిదా మాత్రం తప్పకూడదు, అక్కడ పోయేది వడ్డీ కాదు, వస్తువే. ఇక చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా తీసుకున్న చేబదులు. వడ్డీ లేదు కాబట్టి లెక్క ప్రకారం అది చివరికి పోతుంది, కానీ అడగలేక లోపల బాధపడుతున్న మనిషి అవతల ఉన్నారు. వాళ్లకి ఫోన్ చేసి, ఫలానా నెల నుంచి నెలకు ఇంత ఇస్తాను అని చెప్పండి, చిన్న మొత్తమైనా ఆ తేదీకి పంపండి. తప్పించుకు తిరగడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

అన్ని అప్పులూ కలిపి ఒకే లోను చేసుకోవడం మేలా, విడివిడిగా తీర్చడం మేలా? ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది మోసపోతారు, ఎందుకంటే వాయిదా తగ్గింది అని చూస్తారే తప్ప మొత్తం ఎంత కడుతున్నామో చూడరు. లక్ష అప్పు, నెలకు 2 శాతం, 24 నెలల్లో తీర్చాలంటే వాయిదా దాదాపు 5,290, మొత్తం వడ్డీ 27 వేల లోపు. ఎవరో నెలకు 1.25 శాతానికే ఇస్తామని, 60 నెలలకి, వాయిదా 2,380 మాత్రమే అని చెబితే ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది. కానీ ఆ దారిలో కట్టే వడ్డీ దాదాపు 43 వేలు. వడ్డీ రేటు తగ్గింది, వడ్డీ పెరిగింది! అదే తక్కువ రేటు లోను తీసుకుని పాత 5,290నే కడుతూ పోతే 22 నెలల్లో అయిపోతుంది, వడ్డీ 15 వేల దగ్గర ఆగుతుంది. కాబట్టి కలపడం మంచిదే, మీరు కట్టే మొత్తం తగ్గించకపోతే. రేటు ఫ్లాట్ (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ) అని చెబుతున్నారా, తగ్గే అసలు మీదా అని కూడా అడగండి, ఎందుకంటే మూడేళ్ల లోనుకి 10 శాతం ఫ్లాట్ అంటే నిజానికి దాదాపు 18 శాతం. ప్రాసెసింగ్ ఫీజు, పాత లోన్లని గడువుకి ముందే మూసేస్తే వేసే ప్రీక్లోజర్ ఛార్జీలు కూడా కలిపి చూసుకోండి. కలిపాక పాత కార్డు ఖాళీ అయింది కదా అని మళ్లీ వాడితే మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటే, కొత్త లోను వాయిదా ఒకవైపు, కార్డు బిల్లు ఇంకోవైపు.

దాచుకున్న డబ్బు ఉంచుకోవాలా, అంతా అప్పుకే కట్టేయాలా అన్నదాని మీద ఇంట్లో గొడవలు కూడా అవుతుంటాయి. ఖాతాలో కొద్దిపాటి వడ్డీ తెచ్చే డబ్బుని పెట్టుకుని కార్డుకి నెలకు 3 శాతం కట్టడం నష్టమే, అందులో అనుమానం లేదు. కానీ చేతిలో ఏమీ లేకుండా చేసుకుంటే మొదటి జ్వరానికో బండి రిపేరుకో మళ్లీ అదే కార్డు బయటికి వస్తుంది. ఒక నెల తప్పనిసరి ఖర్చులకి సరిపడా ఉంచుకుని మిగతాది అప్పుకి పంపండి. ఉద్యోగం మీద భరోసా లేకపోతే రెండు నెలలది ఉంచుకోండి.

బడ్జెట్ మరీ బిగించి రాస్తే మేలా, కొంచెం వదులుగా రాస్తే మేలా? బిగించినది కాగితం మీద అందంగా ఉంటుంది, త్వరగా తెగిపోతుంది. అది తెగేది కూడా రోజువారీ చిల్లర ఖర్చుల దగ్గర కాదు, ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గర: పిల్లల ఫీజులు, ఇన్సూరెన్స్, పెళ్లిళ్లు, ఇంటి రిపేర్లు. వీటన్నిటినీ ఒకచోట రాసి 12తో భాగించి, ఆ భాగాన్ని ప్రతి నెలా వేరే ఖాతాలో వేస్తే సగం టెన్షన్ పోతుంది. ఇంట్లో ప్రతి పెద్దవాళ్లకీ లెక్క చెప్పక్కర్లేని కొంచెం సొంత డబ్బు కూడా ఉండాలి, ఎంత అప్పున్నా సరే. అది లేని ఇంట్లో దాపరికం మొదలవుతుంది, దాపరికంతో పాటు ఇంకో అప్పు కూడా మొదలవుతుంది.

ఈ విషయంలోనే ఇంకో మాట. లెక్కంతా ఒక్కరే చూసుకోవడం తేలికే, కానీ ఆ ఒక్కరు ఎంత ఓపికగలవాళ్లయినా సరే, మిగతావాళ్లకి ఎప్పుడూ "కాదు, కూడదు" అనే మనిషిగానే కనిపిస్తారు. భార్యాభర్తలిద్దరూ, వీలైతే ఎదిగిన పిల్లలు కూడా, నెలకోసారి కూర్చుని బాకీలు ఎంతెంతకి వచ్చాయో చూడటం కష్టంగా ఉన్నా మేలు. మొదటిసారి కూర్చున్నప్పుడు అందరి అప్పులూ బయటపెట్టాలి, ఎవరూ ఎవర్నీ నిలదీయకూడదు. అప్పుడే పూర్తి లెక్క దొరుకుతుంది.

యాప్‌లో రాయాలా, నోటుబుక్కులో రాయాలా అనేది మీ ఇష్టం, ఏది వదలకుండా రాస్తారో అదే మంచిది. ఖర్చు పెట్టడంలో మాత్రం నగదుకీ కార్డుకీ తేడా ఉంది. 2001లో ఎమ్ఐటీ పరిశోధకులు ప్రెలెక్, సిమెస్టర్ ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలంపాట పెడితే, కార్డుతో కట్టాలని చెప్పినవాళ్లు నగదు కట్టాల్సినవాళ్ల కంటే దాదాపు రెట్టింపు పాడారు. మీ ఇంట్లో చెయ్యి జారే ఖర్చు ఏ రకమో మీకు తెలుసు కదా, ఆ ఒక్కదానికి నెల మొదట్లోనే నగదు తీసి కవర్లో పెట్టి చూడండి, మిగతావి ఎలా ఉన్నా పర్వాలేదు.

బోనసో, ఇంకేదైనా అనుకోని డబ్బో వచ్చి లోనుకి అదనంగా కట్టినప్పుడు, వాయిదా తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా అని అడుగుతారు. కాలం తగ్గించడంలోనే వడ్డీ ఎక్కువ మిగులుతుంది, ఆదాయం నిలకడగా ఉంటే అదే తీసుకోండి. నిలకడ లేనివాళ్లు వాయిదా తగ్గించుకుని, ఆ లోనులో పెనాల్టీ లేకుండా అదనం కట్టే వీలుంటే బాగున్న నెలల్లో పాత వాయిదాయే కట్టవచ్చు, బాగోలేని నెలలో చిన్న వాయిదాతో గట్టెక్కవచ్చు. ఏది ఎంచుకున్నా, ఆ అదనపు డబ్బు అసలులోంచే తగ్గిందా, లేక రాబోయే వాయిదాల కింద ముందుగా జమ చేశారా అన్నది తర్వాతి స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. అలా ముందుగా జమ అయి ఉంటే అసలు తగ్గలేదన్నమాట, వెంటనే చెప్పి మార్పించుకోవాలి.