రవీంద్రభారతిలో నాటకానికి వెళ్తున్నారా? పక్కన హోటల్లో కూర్చునే ముందు ఇది చదవండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి నాటకం చూడటానికి హైదరాబాద్ వెళ్లే వాళ్లందరికీ చెప్తున్నా. హాలుకు దగ్గర కదా అని, బయట బోర్డు మీద రేటు తక్కువుంది కదా అని గబగబా వెళ్లి కూర్చోకండి. ముందు మెనూ కార్డు అడిగి చూడండి. బిల్లు వచ్చాక ప్రతి లైనూ చదివి, ఆ తర్వాతే డబ్బులు కట్టండి.

మాకు జరిగింది ఇదీ. సురభి వాళ్ల నాటకం ఉందంటే అత్తమ్మను, పిల్లల్ని తీసుకుని వెళ్లాం. ఆట ఆరున్నరకు. మళ్లీ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది కాబట్టి ముందే ఏదైనా తినిపిద్దామని హాలుకు దగ్గర్లో ఒక హోటల్‌కు వెళ్లాం. బయట బోర్డు మీద పెద్దక్షరాలతో ‘థాలీ రూ.149’ అని ఉంది. కూర్చుని నీళ్లు తాగాక, "థాలీ మధ్యాహ్నమే మేడమ్, ఇప్పుడు లేదు" అన్నారు. ఆ ముక్క బోర్డు మీద ఎక్కడా లేదు. కార్డు తెప్పిస్తే కొన్ని రేట్ల మీద తెల్ల స్టిక్కర్ అంటించి, పెన్నుతో కొత్త రేటు రాసి ఉంది. అప్పటికే పిల్లలు ఆకలంటున్నారు, ఇంకో చోటు వెతికే టైమ్ లేదు. రోటీలు, ఒక కూర, ఫ్రైడ్ రైస్, పెరుగన్నం చెప్పాం. "పది నిమిషాల్లో వస్తది" అన్నారు. ఆ పది నిమిషాలు అరగంట దాటాయి. మేము అడగకుండానే రెండు నీళ్ల సీసాలు మూత తీసి టేబుల్ మీద పెట్టారు.

బిల్లు చూడండి. తిన్నది 1,180 రూపాయలది. నీళ్లకు 80. దాని కింద ‘ఎస్.ఛార్జ్ 10%’ అని 126. ఆ 126ను కూడా కలుపుకుని, మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 69 రూపాయల 30 పైసలు. అంతా కలిపి 1,455. సర్వీస్ ఛార్జ్ తీసేయమని అడిగితే, "మా హోటల్ రూల్ మేడమ్, అందరూ కడతరు" అని కౌంటర్ దగ్గరి ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇంకాస్త గట్టిగా అడిగితే, మీ ఆట టైమ్ అయితుందేమో చూసుకోండి అన్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. మనకు టైమ్ లేదన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు, దాని మీదనే వ్యాపారం నడుస్తోంది.

మేం హాల్లోకి వెళ్లేసరికి నాటకం మొదలైపోయింది. సురభి అంటే తెర లేచినప్పటి నుంచే సెట్టింగులు, మాయలు. అత్తమ్మ ముఖ్యంగా వాటి కోసమే వచ్చింది. డబ్బులు పోయిన దానికంటే ఇదే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు అందరూ తెలుసుకోవాల్సిన విషయం. సర్వీస్ ఛార్జ్ కట్టి తీరాలని ఏ రూలూ లేదు. హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని, దాని మీద జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. వడ్డించిన పిల్లాడికి ఇవ్వాలనిపిస్తే నేరుగా చేతికే ఇవ్వండి, అతనికి తప్పకుండా అందుతుంది.

ఇంకొకటి. జీఎస్టీ తీసుకుంటే బిల్లు మీద హోటల్ జీఎస్టీ నంబరు ఉండాలి. అందులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం పదిహేను ఉంటాయి, మన తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. కాంపొజిషన్ స్కీమ్‌లో (అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లయితే మన దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయనే కూడదు. 2022 జనవరి నుంచి 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు కూడా బిల్లు మీద తప్పనిసరి. మాకిచ్చిన బిల్లు మీద ఈ రెండిట్లో ఒక్కటీ లేదు. బోర్డు, కార్డు, బిల్లు ఫొటోలు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మీకూ ఇలా జరిగితే వదిలేయకండి. డబ్బులు కట్టాల్సి వచ్చినా బిల్లు మాత్రం చేతికి తీసుకోండి.

మరి ఎక్కడ తినాలి అంటారా? నల్లగొండ, మిర్యాలగూడ బస్సులు చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ వస్తాయి కదా. అక్కడే దిగి, అక్కడో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టిఫిన్ సెంటర్‌లో తిని, మెట్రో ఎక్కండి. మియాపూర్ వెళ్లే రెడ్ లైన్ నేరుగా అసెంబ్లీ, లక్డీకాపూల్ స్టేషన్లకు వెళ్తుంది, మధ్యలో మారే పని లేదు. రవీంద్రభారతి ఆ రెండు స్టేషన్లకూ దగ్గరే. ముందే డబ్బులు కట్టి టోకెన్ తీసుకునే చోటైతే ఇంకా మంచిది. రేట్లు గోడ మీదే ఉంటాయి, ప్లేట్ చేతికొస్తుంది, తిన్నాక బిల్లు టెన్షన్ ఉండదు. దోశ, ఇడ్లీ, పూరీతో నలుగురి కడుపు తక్కువలోనే నిండుతుంది.

పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు వెంట ఉంటే ఇంటి నుంచే సర్వపిండో, జొన్న రొట్టెలో కట్టుకుని బస్సులోనే పెట్టేయండి. హాలు దగ్గరికి వెళ్లాక తిందాం అనుకుంటే ఆట టైమ్‌కు అరగంట ముందే అయిపోయేలా చూసుకోండి. ఆఖరి మెట్రో ఎప్పుడో, ఎల్బీనగర్ నుంచి రాత్రి బస్సు ఎప్పుడో కూడా వెళ్లే ముందే కనుక్కోండి.