రౌండ్‌వౌండా, ఫ్లాట్‌వౌండా? బేస్ గిటార్ తీగల్లో ఏది మేలు

బేస్‌కి ఏ స్ట్రింగ్స్ వేయాలని అడిగేవాళ్లలో ఎక్కువమంది మనసులో ఉండేది ఒకటే సందేహం: ఉన్న రౌండ్‌వౌండ్ (రౌండ్స్) కొనసాగించాలా, ఫ్లాట్‌వౌండ్‌కి (ఫ్లాట్స్) మారాలా? దొరికే జవాబులన్నీ ‘రౌండ్స్ బ్రైట్‌గా ఉంటాయి, ఫ్లాట్స్ వామ్‌గా ఉంటాయి’ దగ్గర ఆగిపోతాయి. ఆ మాట నిజమే గానీ, అది ప్యాకెట్ విప్పిన రోజు సంగతి. మన బేసిస్టుల్లో చాలామంది స్ట్రింగ్స్ ఏడాదికోసారి మారిస్తే గొప్ప. అందుకే మూడు నెలలు వాయించిన రౌండ్స్‌ని మూడు నెలలు వాయించిన ఫ్లాట్స్ పక్కన పెట్టి చూడాలి. అప్పుడు జవాబు చాలామందికి మారిపోతుంది.

రౌండ్‌వౌండ్ అంటే ఉక్కు కోర్ చుట్టూ గుండ్రటి తీగ చుట్టినది. చుట్టుకీ చుట్టుకీ మధ్య సన్నటి గాడి ఉంటుంది. వేలి చెమట, జిడ్డు, చర్మపు పొట్టు అన్నీ చేరేది ఆ గాడిలోకే. చేరిన మురికి తీగ స్వేచ్ఛగా కదలకుండా పట్టేస్తుంది. ముందు పోయేవి పై హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు), అంటే ఏ మెరుపు కోసం రౌండ్స్ కొన్నామో ఆ మెరుపే. రెండో దెబ్బ ఫ్రెట్ల నుంచి, అంటే మెడ మీది లోహపు గీతల నుంచి. పాత తీగని కాస్త వదులు చేసి, తిప్పి, అడుగువైపు వెలుతురులో చూడండి. ఫ్రెట్ ఆనే ప్రతిచోటా చిన్న నొక్కు, దాని మీద చదునుగా అరిగిన మెరుపు కనిపిస్తాయి. అక్కడ తీగ బరువు మిగతా చోట్లతో సమానంగా ఉండదు. అందుకే పాత తీగ 12వ ఫ్రెట్ దగ్గర ట్యూన్‌లో ఉన్నా 5వ ఫ్రెట్ దగ్గర తేడా కొడుతుంది, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) ఎంత జరిపినా కుదరదు. అన్నిటికంటే ముందు చచ్చేది సాధారణంగా లావాటి ‘ఇ’ తీగ. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

ఫ్లాట్‌వౌండ్‌లో పైచుట్టు చదునైన రిబ్బన్. గాడి లేదు, మురికి దిగే దారి దాదాపు లేదు. కొత్తలో కాస్త కణకణమంటాయి. వాయించగా వాయించగా ఆ గరుకు తగ్గి, రెండు మూడు వారాల్లో ఒక స్థాయికి వచ్చి అక్కడే నిలబడతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి తేడా తక్కువ. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల బేసిస్టు జేమ్స్ జేమర్సన్ 1962 మోడల్ ప్రెసిషన్ బేస్ మీద లా బెల్లా కంపెనీ ఫ్లాట్స్ వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. రౌండ్స్ మీద అలా వాయించి ఉంటే ఆ రికార్డుల్లో నోటు నోటూ అంత విడిగా వినపడేది కాదు. ‘పాతబడిన రౌండ్స్ ఎలాగూ ఫ్లాట్స్‌లాగే మోగుతాయి కదా’ అనే వాదన నిలవనిది ఇక్కడే. చచ్చిన రౌండ్‌లో పై హార్మోనిక్స్‌తో పాటు నోటు స్పష్టత, శ్రుతి కూడా పోతాయి. ఫ్లాట్‌లో మెరుపు తక్కువైనా నోటు గట్టిగా, శుభ్రంగా నిలుస్తుంది.

‘టోన్ నాబ్ తగ్గిస్తే సరిపోదా?’ అన్నది ఇంకో ప్రశ్న. సరిపోదు. నాబ్ కోసేది పై ఫ్రీక్వెన్సీలని మాత్రమే. ఫ్లాట్స్ ప్రత్యేకత నోటు పుట్టే తీరులో, ఆగే తీరులో ఉంది: మొదట గుండ్రటి దెబ్బ, తర్వాత త్వరగా తగ్గిపోవడం. సిమెంటు గోడలు, రేకుల కప్పు ఉన్న చర్చి హాల్లో ఇది పెద్ద వరం. అలాంటి గదిలో రౌండ్స్ నోటు ఒకటి మోగుతుండగానే ఇంకొకటి దాని మీద పడుతుంది, కీబోర్డు ఎడమచేయితో కలిసి గందరగోళం అవుతుంది. వారం వారం అదే హాల్లో, వేళ్లతో, పాటకి అండగా వాయించేవాళ్లకి నేను సందేహం లేకుండా ఫ్లాట్సే చెబుతాను. ధర రౌండ్స్‌కి సుమారు రెట్టింపు ఉన్నా, రెండు మూడు సెట్ల రౌండ్స్ కాలం కంటే ఎక్కువే పనిచేస్తాయి.

రౌండ్స్ లేకపోతే కుదరని సందర్భాలూ ఉన్నాయి. మొదటిది స్లాప్. బొటనవేలి దెబ్బకి ఆ లోహపు చురుకు ఫ్లాట్స్ ఇవ్వలేవు. రెండోది చాలామంది ఆలోచించనిది, చిన్న స్పీకర్. ఓపెన్ ‘ఇ’ తీగ మూలస్వరం 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ గానీ సభల్లో వాడే చిన్న పీఏ బాక్సు గానీ దాన్ని పలికించలేదు. అలాంటి స్పీకర్లో మన చెవికి బేస్ వినపడేది పై హార్మోనిక్స్ వల్లే. కవర్ వీడియోలు తీసి పెట్టేవాళ్లు ఫ్లాట్స్ వేస్తే, ఫోన్లో చూసేవాళ్లకి బేస్ మాయమైపోతుంది. మూడోది ఐదు తీగల బేస్. ఫ్లాట్స్‌లో లావాటి ‘బి’ తీగ బిర్రుగా ఉండి నోటు మసకబారుతుంది, 125 నుంచి 135 మధ్య (అంగుళంలో వెయ్యో వంతుల్లో) మందం ఉన్న రౌండ్ అయితే స్పష్టంగా పలుకుతుంది. డిస్టార్షన్ వాడే రాక్, మెటల్ వాళ్లదీ ఇదే దారి. 1960ల మధ్యలో బ్రిటిష్ రాక్ బృందం ది హూ బేసిస్టు జాన్ ఎంట్విజిల్, తీగల కంపెనీ రోటోసౌండ్ వాళ్లతో కలిసి స్వింగ్ బేస్ రౌండ్స్‌ని తీర్చిదిద్దుకున్నది పియానో తీగ లాంటి ఆ మోత కోసమే.

రౌండ్స్ ఎంచుకుంటే ఒక షరతు: మార్చడానికి సిద్ధంగా ఉండాలి. వాయించిన ప్రతిసారీ పొడి కాటన్ గుడ్డతో తీగ పైన, అడుగున తుడవాలి. అడుగువైపు తుడవనివాళ్లే ఎక్కువ. నీళ్లలో మరిగించే పద్ధతి పనిచేస్తుంది గానీ ఆ మెరుపు కొన్ని రోజులే ఉంటుంది, తడి కోర్ దాకా దిగితే తుప్పు ఖాయం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి పూర్తిగా ఆరనివ్వడం మేలు. అది మండే ద్రవం కాబట్టి స్టవ్వు దరిదాపుల్లో వద్దు. ఏ పద్ధతైనా, తీగని విప్పి మళ్లీ చుట్టిన ప్రతిసారీ ట్యూనింగ్ పోస్ట్ (తీగ కొస చుట్టుకునే కడ్డీ) దగ్గర వంపు బలహీనపడుతుంది.

నికెల్ పూత ఉన్న ఉక్కా, స్టెయిన్‌లెస్ స్టీలా? స్టీల్ ఇంకా బ్రైట్, తుప్పు తక్కువ, కానీ వేలికి గరుకు, ఫ్రెట్లని త్వరగా అరగదీస్తుంది. మామూలు వాడకానికి నికెల్ చాలు. కోటెడ్ స్ట్రింగ్స్, అంటే మురికి చేరకుండా పైన సన్నటి పొర ఉన్నవి, ఎక్కువ కాలం వస్తాయి, చెమట ఎక్కువ పట్టే చేతులకి ఆలోచించదగ్గవే. హాఫ్‌రౌండ్, టేప్‌వౌండ్ కూడా ఉన్నాయి. మొదటిది రౌండ్, ఫ్లాట్ రెండింటి మధ్య రాజీ. నైలాన్ టేప్ చుట్టిన రెండోది నిలువు బేస్ తరహా ధ్వనికి, ముఖ్యంగా ఫ్రెట్‌లెస్‌కి పనికొస్తుంది.

గేజ్, అంటే తీగ మందం, విషయంలో తొందరపడొద్దు. తీగ మోగే పొడవు 34 అంగుళాలున్న నాలుగు తీగల బేస్‌కి 45-65-85-105, లేదా 45-65-80-100 మామూలు కొలతలు. అంకెలన్నీ అంగుళంలో వెయ్యో వంతులు. ఒకే తరహా తీగల్లో ‘ఇ’ ఒక్కటే 100 నుంచి 105కి మారినా దాని బిగువు సుమారు 10 శాతం పెరుగుతుంది. ఒక సెమీటోన్ (ఒక ఫ్రెట్ అంత) దించి ట్యూన్ చేస్తే 11 శాతం, రెండు దించితే 21 శాతం తగ్గుతుంది. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ మీద, అదే మందం, అదే శ్రుతికి 22 శాతం తక్కువ. అందుకే షార్ట్ స్కేల్ మీద సన్నటి తీగలు వేస్తే రబ్బరులా వదులుగా అనిపిస్తాయి. చుట్టుల మధ్య ఖాళీ లేనందువల్ల అదే గేజ్‌లో ఫ్లాట్ బరువెక్కువ, బిగువూ ఎక్కువ. థోమాస్టిక్ వాళ్ల జాజ్ ఫ్లాట్స్ దీనికి మినహాయింపు. 43-56-70-100 కొలతలతో చాలా మెత్తగా ఉంటాయి. గట్టిగా లాగి వాయించే చేతికి అవి నచ్చకపోవచ్చు.

మారేటప్పుడు దెబ్బతినేది ఎక్కువగా సెటప్‌లోనే. బిగువు పెరిగితే మెడ ముందుకు వంగి యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) లేస్తుంది. థోమాస్టిక్ లాంటి మెత్తటివి వేస్తే మెడ వెనక్కి పోయి మొదటి ఫ్రెట్ల దగ్గర బజ్ వస్తుంది. ట్యూన్ చేశాక ‘ఇ’ తీగని మొదటి ఫ్రెట్ దగ్గర, ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, 7-8 ఫ్రెట్ల దగ్గర తీగ కింద ఖాళీ చూడండి. 0.3 మి.మీ., అంటే ఒక విజిటింగ్ కార్డు మందం, సరిపోతుంది. ట్రస్ రాడ్‌ని (మెడ లోపల వంపు సరిచేసే కడ్డీని) ఒకసారికి పావు చుట్టే తిప్పాలి. ఎక్కువ ఖాళీ ఉంటే గడియారం ముల్లు దిశలో బిగించాలి, తక్కువ ఉంటే వదలాలి. మళ్లీ ట్యూన్ చేసి ఒక రాత్రి ఆగి కొలవాలి. 17వ ఫ్రెట్ దగ్గర ‘ఇ’ తీగ ఎత్తు 2.4 మి.మీ., ‘జి’ తీగ 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టి మీ చేతికి తగ్గట్టు దించుకోండి. మందం పెంచితే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడి ఒకసారి చూసుకోవాలి. 105కి కోసిన గాడిలో 110 పూర్తిగా కూర్చోకపోతే మొదటి ఫ్రెట్ నోట్లన్నీ శ్రుతి మించి మోగుతాయి.

కొనేముందు బాల్ ఎండ్ (తీగ చివరి గుండు) కూర్చునే చోటు నుంచి నట్ దాకా టేపుతో కొలవండి, ముఖ్యంగా ఫ్లాట్స్‌కి. ప్యాకెట్ మీద షార్ట్, మీడియం, లాంగ్, ఎక్స్‌ట్రా లాంగ్ అని ఉండేది దీనికోసమే. తీగ కొసన చుట్టి ఉండే సిల్క్ దారం నట్ దాటాక, పోస్ట్‌కి ముందే మొదలవ్వాలి. దారం నట్ మీదికి వస్తే ఓపెన్ నోటు మొద్దుబారుతుంది. చుట్టు ఉన్న లావు భాగం పోస్ట్ మీద చుట్టుకుంటే ఫ్లాట్ అక్కడే విరుగుతుంది. బాడీ వెనకనుంచి తీగ ఎక్కించే బేస్‌లో ఆ మలుపు ఫ్లాట్స్‌కి మంచిది కాదు, బ్రిడ్జ్‌లోంచే వేయడం క్షేమం.

పోస్ట్ దాటాక 10-12 సెం.మీ. వదిలి, ముందు లంబంగా వంచి, ఆ వంపు అవతల కోయండి. వంచకుండా కోస్తే కొన్ని తీగల్లో, ముఖ్యంగా కోర్ గుండ్రంగా ఉన్నవాటిలో, పైచుట్టు జారి తీగ మొదటి రోజే చచ్చిపోతుంది. కొసని పోస్ట్ మధ్య రంధ్రంలో దింపి, పైనుంచి కిందికి రెండు మూడు చుట్లు రానివ్వండి. బిగించాక శాడిల్‌కి ముందు, నట్‌కి ముందు బొటనవేలితో మెల్లగా నొక్కితే తీగ వంపు తిరిగి తిన్నగా కూర్చుంటుంది, శ్రుతి త్వరగా కుదురుతుంది. ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి కుదరడం, సరిచేసేది ఆ తర్వాతే: 12వ ఫ్రెట్ నోటు అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే ఎక్కువ పలికితే శాడిల్‌ని వెనక్కి, తక్కువ పలికితే ముందుకి జరపాలి.