పండగ చలికి బొంతా, కంబళా, రగ్గా: ఏది మేలు?

డిసెంబరు మూడో వారం దాకా అనంతపురంలో చాలా ఇళ్ళల్లో రాత్రి ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బంగాళాఖాతంలో ఏ వాయుగుండమో ఉందంటే ఇక్కడ మబ్బు పట్టి, పగలు తుంపర పడి, రాత్రి మాత్రం వెచ్చగానే ఉంటుంది. క్రిస్మస్ సెలవులకు బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు "మీ ఊళ్ళో చలే లేదే" అంటారు. ఆ మబ్బు విడిచిందంటే రెండు రాత్రుల్లో అంతా తారుమారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక్క రగ్గు కింద ముగ్గురు గుంజులాడుకుంటూ ఉంటారు. పొద్దున్నే అటక మీద నుంచి మూటలు దిగుతాయి. సంక్రాంతికి ఇంకో పదిమంది వస్తారని గుర్తొస్తే ఇంటావిడకు అసలు టెన్షన్ మొదలవుతుంది: కప్పుకోవడానికి ఏమిచ్చేది? కొనాలంటే ఏది కొనేది?

ఈ మార్పు మన సీమకు కొత్తేమీ కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. గాలిలో తేమ, పైన మబ్బు ఉన్నంతసేపూ పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి తేలిగ్గా పైకి పోలేదు. ఆకాశం తేటపడి, ఉత్తరాది పొడిగాలి తిరిగిందంటే ఆ వేడిని ఆపేదేమీ ఉండదు. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండ కాసిన ఊళ్ళోనే తెల్లారేసరికి 15, 16కు దిగిపోతుంది. ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. కడప సముద్రమట్టానికి దాదాపు 140 మీటర్ల ఎత్తులో ఉంటే, అనంతపురం 335 మీటర్ల దగ్గర, మదనపల్లె 700 మీటర్ల దగ్గర ఉన్నాయి. ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. కడపలో దుప్పటితో గడిచిపోయినవాళ్ళు మదనపల్లె చుట్టాలింట్లో ముక్కు చీదుకుంటూ లేవడానికి అదొక కారణం.

ఏది మేలో తేల్చేముందు ఒక మాట. మన ఇళ్ళల్లో చలి పైనుంచి కంటే కింది నుంచే ఎక్కువ కొడుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్ళో, నల్లటి కడప రాళ్ళో పరిచిన నేలలు మనవి. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాతి మీద వీపు వాలిస్తే ప్రాణం లేచొస్తుంది. జనవరిలో అదే రాయి ఒంట్లో వేడిని గుంజేస్తుంది. పండక్కి ఇల్లు నిండితే మంచాలు పెద్దవాళ్ళకు, నేల పిల్లలకూ కుర్రాళ్ళకూ. చాప వేసి పైన రెండు రగ్గులు కప్పినా నడుం కింద జిల్లుమంటూనే ఉంటుంది. బట్ట వెచ్చగా ఉండేది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్ల. మనిషి బరువుకు కిందిబట్ట అణిగిపోతే ఆ గాలీ పోతుంది. అందుకే ఏది కప్పుకోవాలి అన్నదానికి ముందు ఏది పరుచుకోవాలి అన్నది తేల్చుకోవాలి. దుకాణంవాడు ఇది చెప్పడు, ఎందుకంటే వాడు అమ్మేవన్నీ కప్పుకునేవే.

పరుచుకోవడానికి బొంతను మించింది లేదు. పాత నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి, అంగుళం ఎడం కూడా లేకుండా కుట్టుకుంటూ పోయిన బొంత మనిషి పడుకున్నా అంత తేలిగ్గా అణగదు. కుట్టుకూ కుట్టుకూ మధ్య చిన్న చిన్న ఉబ్బులుగా పొరలు నిలబడతాయి. రాతి చల్లదనాన్ని ఆపేది అదే. జేజి కుట్టిన బొంత ఇంట్లో ఉంటే దాన్ని తీసి పారేయకండి. పైన కప్పుకోవడానికి మాత్రం బొంత అంత మంచిది కాదు. బరువెక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దాని కింద పక్కకు తిరగడమే కష్టం. ఉతకడం ఇంకా కష్టం. నీళ్ళు తాగిన బొంతను ఇద్దరు పట్టుకుంటే గానీ ఎత్తలేరు. అది పూర్తిగా ఆరాలంటే గట్టి ఎండలు కావాలి. మబ్బు పట్టిన వారంలో ఉతికితే ముక్కిన వాసన ఖాయం. పండగ పనుల్లో భాగంగా బొంతలు కూడా ఉతకాలనుకునేవాళ్ళు మబ్బు విడిచేదాకా ఆగితే మంచిది. ఇప్పుడు కొత్తగా కుట్టించుకుందామన్నా ఇంకో చిక్కు ఉంది. బీరువాలో ఉన్నవన్నీ సింథటిక్ చీరలే. వాటితో కుట్టిన బొంత జారుతుంది, చెమట పీల్చదు, లోపలి పొరలు ఒకచోటికి పోగవుతాయి.

ఇక కంబళి. నా ఓటు దీనికే, అయితే కొన్ని షరతులున్నాయి. గొర్రెలు కాసే కురుబల చేతి పని ఇది. కళ్యాణదుర్గం, రాయదుర్గం దాటి కర్ణాటకలోకి పోతే చిత్రదుర్గం జిల్లా చళ్ళకెర కంబళ్ళకు పెట్టింది పేరు. పడుగుకు, అంటే నిలువు ఉన్ని పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి కొత్త కంబళి అట్టలా బిర్రుగా ఉంటుంది. ఒంటి మీద వేసుకుంటే గుచ్చుతుంది, గొర్రె వాసన కొడుతుంది. బెంగళూరు పిల్లలు దాన్ని చూడగానే ముఖం తిప్పుకుంటారు. వాడేకొద్దీ మెత్తబడుతుందని చెప్పినా వినరు. మెత్తటి నూలు దుప్పటి ముందు కప్పి, దాని మీద కంబళి వేస్తే గుచ్చేదీ ఉండదు, వాసనా అంతగా తగలదు.

గుచ్చినా దాన్ని ఎందుకు మెచ్చుకోవాలంటే, ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమను లోపలికి లాక్కున్నా ఒంటికి తడి తగలనివ్వదు. రగ్గుల్లో ఉండే పాలిస్టరు 1 శాతం కూడా పీల్చదు. శనక్కాయ చేనికి అడవిపందుల కాపలా పోయే రైతు కంబళి ఒక మూల మడిచి తలకు ముసుగులా కొప్పెర పెట్టుకుని మంచులో రాత్రంతా కూర్చునేది అందుకే. తెల్లారి చూస్తే కంబళి పైన మంచు బొట్లు తెల్లగా నిలబడి ఉంటాయి, లోపల చొక్కా పొడిగా ఉంటుంది. నిప్పుకు కూడా భయం తక్కువ. భోగిమంట దగ్గర రవ్వ పడితే ఉన్ని కమురుతుంది గానీ భగ్గున మండదు. పాలిస్టరు రగ్గు కరిగి చర్మానికి అంటుకుంటుంది. భోగినాడు పిల్లలను రగ్గులు చుట్టుకుని మంట చుట్టూ తిరగనివ్వకండి.

కంబళి ఖరీదు మాత్రం రగ్గుకు ఎన్నో రెట్లు. దానికీ కారణముంది. నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉండేది వెంట్రుకే, నేయడానికి పనికొచ్చే ఉన్ని కాదు. మాంసం కోసం అలాంటి గొర్రెలు పెంచేకొద్దీ కంబళికి ఉన్ని కరువవుతుంది. సంతలో కంబళి పేరుతో కల్తీ సరుకు కూడా కనిపిస్తుంది. అంచు నుంచి ఒక పోగు పీకి అగ్గిపుల్ల చూపించండి. అసలు ఉన్నైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. ప్లాస్టిక్ కలిసినదైతే గట్టి నల్లటి పూసలా ముద్ద కడుతుంది. అమ్మేవాడు పోగు పీకనివ్వకపోతే ఇంకో కొట్టు చూసుకోవడమే.

రగ్గు గురించి మరీ చులకనగా మాట్లాడను. పులి బొమ్మలు, గులాబీ పూలు ఉన్న ఆ రగ్గుల్లో చాలావరకు హర్యానాలోని పానిపట్టు సరుకే. చవక, తేలిక, మెత్తన. వాషింగ్ మెషీన్‌లో పడుతుంది, సాయంత్రానికి ఆరిపోతుంది. ఒకేసారి పదిమందికి సర్దాలంటే ఇంకో దారి లేదు. కాకపోతే పొడిగాలి రాత్రుల్లో దులిపితే చిటపటమని మెరుపులు వస్తాయి. అర్ధరాత్రి ఒళ్ళు చెమటపట్టి, రగ్గు తన్నేసి, మళ్ళీ వణుకుతూ లాక్కోవడం దీనితోనే ఎక్కువ. మధ్యాహ్నం కునుక్కీ, బస్సు ప్రయాణానికీ రగ్గే నయం.

రజాయి సంగతి చెప్పాలంటే, దూది పొంగు ఉన్నంతకాలం దాన్ని కొట్టేది లేదు. ఆదోని లాంటి పత్తి మార్కెట్ ఉన్న ప్రాంతం మనది. అయినా కొన్నేళ్ళకు దూది అణిగి గడ్డలు కట్టాక మళ్ళీ ఏకించాలి, ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో దొరికితేనే దాని జోలికి పోండి.

హీటరు కొందామనేవాళ్ళు ఒక లెక్క వేసుకోండి. 2,000 వాట్ల హీటరు గంటకు 2 యూనిట్లు తాగుతుంది. ఆపకుండా రాత్రి 8 గంటలు నడిపితే 16 యూనిట్లు. ఎండాకాలం గాలి ఆడాలని పైన వెంటిలేటర్లు తెరిచి కట్టిన గదిలో ఆ వేడి ఎంతసేపు నిలుస్తుంది? ఇక తలుపులు వేసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్ళకు తెలియకుండానే పని కానిచ్చేస్తుంది.

కాబట్టి ఈ ఏడాది ఒక్క వస్తువుకే డబ్బులున్నాయంటే, ఇంట్లో ఇప్పటికే బొంత ఉన్నవాళ్ళు కంబళి కొనండి. బొంత లేనివాళ్ళు ముందు కిందికి మందంగా పరుచుకునేది చూసుకోండి, పైకి ఉన్న రగ్గుతోనే ఈ సీజన్ గడిపేయొచ్చు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, అంటే గట్టిగా రెండు నెలల ముచ్చట. చుట్టాలు ఏడాదికోసారి వచ్చే ఇంటికి పది కంబళ్ళు కొనడం దండగ. మంచం మీద పడుకునే తాతకు, జేజికి ఒక్కొక్కటి చాలు. మంచమైనా పల్చటి పరుపైతే దాని కింద కూడా ఒక బొంత వేయండి, నులక మంచానికైతే తప్పనిసరి. ఆ సందుల్లోంచి వచ్చే చల్లగాలి రాతి నేలకేమీ తీసిపోదు.

ఏడాది లోపు పసిబిడ్డకు మాత్రం ఇవేవీ కప్పొద్దు. ముఖం మీదికి జారితే వాళ్ళు తోసుకోలేరు. ఒంటికి సరిపోయే మెత్తటి బట్టలు ఒకటి మీద ఒకటి తొడిగి పడుకోబెట్టడమే క్షేమం.